కూర్చున్న చోటు నుంచి లేవకపోతే అది డాన్సా?

ప్రశ్న: మార్తా గ్రాహం అనే అమెరికా ఆవిడ డాన్స్ వీడియో చూశాను. ఊదారంగు గుడ్డలో దూరి, బల్ల మీద కూర్చుని మెలికలు తిరగడమే తప్ప లేచి ఒక్క అడుగు వేస్తే ఒట్టు! దీనికి అంత పేరేమిటండీ?
— ఓ పాఠకురాలు

జవాబు: మీరు చూసింది 1930 నాటి 'లామెంటేషన్', అంటే శోకం. అప్పట్లో న్యూయార్క్‌లోనూ ఆవిడ డాన్సుని వెక్కిరించినవాళ్లకి కొదవలేదు, కాబట్టి మొహమాటపడకండి.

ఈసారి ముఖం వదిలేసి గుడ్డని చూడండి. అది గొట్టంలా కుట్టిన సాగే గుడ్డ. మోకాళ్లు ఎడంగా జరిపినా, మోచేయి పైకి నెట్టినా బిగిసిపోయి ఏటవాలుగా గీతలు పడతాయి, మనిషి తన చర్మంలోంచి తానే బయటపడాలని పెనుగులాడుతున్నట్టు. ఒకసారి ప్రదర్శన అయ్యాక ఒకామె ఏడ్చిన మొహంతో తెర వెనక్కి వచ్చి, థాంక్స్ చెప్పి వెళ్లిపోయిందట; తొమ్మిదేళ్ల కొడుకు కళ్లముందే లారీ గుద్ది పోయినా ఆమెకి అప్పటిదాకా కన్నీళ్లు రాలేదని తర్వాత తెలిసిందట. గ్రాహమే చెప్పుకున్న సంగతి ఇది.

వెక్కి వెక్కి ఏడ్చినా, పగలబడి నవ్వినా కడుపు దానంతటదే లోపలికి పోతుంది కదా? ఆవిడ పద్ధతికంతా అదే మూలం. ఊపిరి వదులుతూ పొట్టని వెన్ను వైపు లాగితే నడుము గుండ్రంగా వంగుతుంది, దాన్ని కాంట్రాక్షన్ అన్నారు. ఊపిరి పీల్చుకుంటూ వదులైతే రిలీజ్. యూరప్ వాళ్ల శాస్త్రీయ నాట్యం బాలేలో కష్టం కనబడకూడదు, ఒళ్లు గాల్లో తేలినట్టుండాలి. ఈవిడ చెప్పులు లేని కాళ్లతో నేలని పట్టుకుని, పడే కష్టమంతా మన కళ్లెదుటే పెట్టారు.

పుట్టింది 1894లో, పెన్సిల్వేనియాలో. తండ్రి మానసిక వైద్యుడు, మనిషి అబద్ధమాడితే ఒంటి కదలిక పట్టిస్తుందని చిన్నప్పుడే కూతురికి చెప్పాడు. 1911లో లాస్ ఏంజెలిస్‌లో రూత్ సెయింట్ డెనిస్ అనే డాన్సర్ ప్రదర్శన చూసి డాన్స్ పిచ్చి పట్టినా, ఆ డెనిస్ స్కూల్లో చేరేసరికి గ్రాహంకి 22 ఏళ్లు. డాన్సర్‌కి అది బాగా ఆలస్యమే! 1926లో సొంత బృందం పెట్టారు, మొదట్లో అందరూ ఆడవాళ్లే. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ పండుగకి నాజీ ప్రభుత్వం పిలిస్తే వెళ్లనన్నారు, బృందంలో యూదు అమ్మాయిలు ఉన్నారు మరి.

డెబ్బై దాటినా వేదిక దిగలేదు. నాకైతే ఇది గొప్పగా అనిపించదు, ఒళ్లు సహకరించడం లేదని చూసేవాళ్లకి తెలుస్తూనే ఉండేది. మానేశాక తాగుడు, ఆసుపత్రి. అక్కడి నుంచి లేచొచ్చి మళ్లీ డాన్సులు కూర్చారు చూడండి, దానికి మాత్రం దండం పెట్టాలి. మొత్తం 181, చివరిది 1990లో, 96 ఏళ్ల వయసులో. మరుసటి ఏడాది పోయారు.

ఇంతా విన్నాక కూడా 'లామెంటేషన్' మింగుడుపడకపోతే 1944 నాటి 'అపలాచియన్ స్ప్రింగ్' చూడండి. కొత్త జంట, కొత్త ఇల్లు, ఆరోన్ కోప్లాండ్ సంగీతం. అందులో లేచి అడుగులు కూడా వేస్తారు లెండి.