బండి వైద్యం: ఏబీఎస్ బాక్సు మార్చమంటున్నారు, మార్చేయనా?

ప్రశ్న: మేస్త్రిగారికి నమస్కారం. గుణుపూర్‌లో టీచరుగా పనిచేస్తున్నాను. మాది ఏడేళ్ల పెట్రోలు కారు. ఈ వానాకాలం కాశీనగర్ మీదుగా పర్లాకిమిడి వస్తుంటే, గతుకులు తగిలినప్పుడల్లా, గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్ లైటూ స్టీరింగ్ లైటూ కలిసి వెలుగుతున్నాయి. స్పీడు ముల్లు సున్నాకి పడిపోతోంది. ఇంజను మాత్రం బాగానే నడుస్తోంది. కాసేపటికి అన్నీ వాటంతటవే సర్దుకుంటున్నాయి. వర్క్‌షాపులో స్కానర్ పెట్టి ‘యూ 0121’ అని చూపించారు. ఏబీఎస్ బాక్సు పోయిందట, 40 వేలట. స్టీరింగ్ మోటారు కూడా చూడాలంటున్నారు. మార్చేయమంటారా?

జవాబు: అప్పుడే డబ్బు తియ్యకండి మాస్టారూ. ఆ కోడ్‌ని మీ హాజరు పట్టీలా చదవండి. ‘యూ’తో మొదలైతే కార్లో ఒక్కో పని చూసుకునే కంప్యూటర్ బాక్సుల మధ్య మాటలు ఆగాయని అర్థం. 0121 అంటే, ‘ఏబీఎస్ పలకలేదు’ అని మిగతావి రాసిన గైర్హాజరు. పిల్లాడు బడికి రాకపోతే జ్వరమే అనుకోనక్కర్లేదు కదా, వంశధార పొంగి దారి మూసుకుపోయి ఉండొచ్చు.

ఇంజను బాగానే నడుస్తోందన్నారే, నాకు అసలు కబురు అదే. కార్లో బాక్సులు పెనవేసిన రెండు తీగల మీద మాట్లాడుకుంటాయి. బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన ఈ పద్ధతిని క్యాన్ అంటాం. ఆ రెండు తీగలూ ఒకదానికొకటి అంటుకుంటే ఊరు ఊరంతా మూగబోతుంది, చాలా బళ్లు స్టార్టే అవ్వవు. మీకు ఒక్క ఇల్లే పలకడం లేదు. చాలా కార్లలో చక్రాల వేగం చూసి అందరికీ చెప్పేది ఏబీఎస్ బాక్సే. అది నోరు మూసుకుంటే ముల్లుకీ వేగం తెలీదు, స్టీరింగ్‌కీ తెలీదు. అందుకే అన్నీ ఒకేసారి. స్టీరింగ్ మోటారు జోలికి వెళ్లకండి, పాపం దాని తప్పేం లేదు.

బ్యాటరీ తీగ విప్పి, పది నిమిషాలాగి, స్కానర్ గుచ్చే సాకెట్లో 6, 14 పిన్నుల మధ్య మల్టీమీటర్‌తో ఓములు చూడమనండి. లైను రెండు కొసల్లో 120 ఓముల రెసిస్టర్లు ఉంటాయి, రెండూ సమాంతరంగా ఉంటాయి కాబట్టి కలిపి సగం, అంటే 60 చూపాలి. 120 వస్తే ఒక కొస తెగినట్టు. సున్నా దగ్గరికి పోతే తీగలు అంటుకున్నట్టు. మధ్యలో మాటల్ని అటూ ఇటూ దాటించే గేట్‌వే బాక్సు ఉన్న కార్లకి ఈ లెక్క ఇక్కడ చెల్లదు, వైరింగ్ బొమ్మ తియ్యాల్సిందే. 60 వచ్చిందని సంబరపడిపోకండి. ఏబీఎస్‌కి కరెంటు సరిగ్గా అందకపోయినా 60 అలాగే ఉంటుంది. నా అనుమానమంతా అక్కడే, అందులోనూ ఎర్త్ మీద, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి మీద.

ఎందుకంటారా? మూడేళ్ల కిందట మోహన నుంచి ఒకాయన ఇదే రోగంతో వచ్చారు. నేనూ బాక్సు పోయిందనే అన్నాను. పాత బాక్సొకటి తెప్పించి బిగించాను. ఆయన బరంపురం వెళ్తూ తప్తపాని ఘాటీ దిగేలోగా లైట్లు మళ్లీ వెలిగాయట. సిగ్గేసింది. ఈసారి ఏబీఎస్ బాక్సుకి తీగలు గుచ్చే కప్లర్ పీకి మీటర్ పెట్టాను, 12 వోల్టులు నిక్షేపంగా ఉన్నాయి. అక్కడే మోసపోతాం. తీగలో ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 చూపిస్తుంది. ఇండికేటర్ బల్బుకి రెండు తీగలు కట్టి సప్లై పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ ముట్టించాను. లోపలి తీగ ఎర్రగా మినుకుమంది, అంతే. ఎర్త్ తీగని వేలితో తడుముకుంటూ పోతే బ్యాటరీ ట్రే కింద బోల్టు దొరికింది. రింగు చుట్టూ పచ్చటి చిలుము, రేకు మీద తుప్పు. గరుకు కాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది, కొత్త రింగు బిగించి, పైన గ్రీజు పూశాను. బల్బు భగ్గుమంది. బాక్సు డబ్బు ఆయనకి వాపసిచ్చేశాను. ఆ బాక్సు ఇంకా మా షెడ్డు అటక మీదే ఉంది.

ఈ బల్బు పరీక్ష క్యాన్ తీగల మీద మాత్రం చెయ్యనివ్వకండి, మంచి బాక్సులు కూడా పోవచ్చు. పసుపు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని అసలు ముట్టుకోనివ్వకండి. ఎలకలు కొరికాయేమో, రివర్స్ కెమెరా పెట్టినవాళ్లు ఎక్కడైనా తీగ గిల్లి టేపు చుట్టారేమో కూడా చూడమనండి. క్యాన్ తీగ అతకాల్సి వస్తే పెనవేత విప్పేసి వదలకూడదు. సప్లై, ఎర్త్, రెండు క్యాన్ తీగలూ కప్లర్ దాకా బాగున్నాయని మీ కళ్లముందు చూపించాకే బాక్సు మాట ఎత్తమనండి.

ఈలోగా ఏబీఎస్ లైటు వెలిగితే బ్రేకులు పడతాయి గానీ, తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే చక్రాలు పట్టేసి బండి జారుతుంది. దానికి ఎర్ర బ్రేకు లైటు కూడా తోడైందా, బండి పక్కన పెట్టి ఫోను చెయ్యండి. పర్లాకిమిడి దాకా నడిపించుకు రావద్దు.