కడప రాయి మీద నిమ్మరసం మచ్చ

వంటగట్టు మీద నిమ్మరసం పడ్డచోట తెల్లటి మచ్చ ఏర్పడిందని, ఎంత తోమినా పోవడం లేదని, అమ్మినవారు మాత్రం అది నల్ల గ్రానైటేనని అన్నారని రాశారు. అది గ్రానైట్ కాదండి, నల్ల సున్నపురాయి. మన దగ్గర కడప రాయి అని అమ్మేది ఇదే.

అది మరక అయితే సబ్బుకు పోయేది. ఇక్కడ రాయే కొంచెం కరిగిపోయింది. సున్నపురాయిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం దాన్ని తినేసి, నునుపు పోగొట్టి, కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. అనుమానముంటే మిగిలిన ముక్కను మేకుతో గీకి, ఆ పొడి మీద వెనిగర్ వేయండి. సన్నటి బుడగలు వస్తాయి. గ్రానైట్‌లోని క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాలు వెనిగర్‌కు చలించవు. (దుకాణాల్లో నల్ల గ్రానైట్ పేరుతో అమ్మేది చాలావరకు డోలరైట్. అదీ అగ్నిశిలే, దానికీ ఈ బెడద లేదు.)

ఇదే చర్య ప్రకృతిలో నిదానంగా సాగుతుంది. వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. సున్నపురాయి పగుళ్లలోకి దిగి దాన్ని కరిగిస్తుంది. 3 కిలోమీటర్లకు పైగా పొడవున్న నంద్యాల జిల్లా బెలూం గుహలు అలా ఏర్పడినవే.

మచ్చ పోవాలంటే ఆ భాగానికి మళ్లీ పాలిష్ పట్టించడమే దారి. రాయి మీద పూసే సీలర్ అనే రక్షణ పూత, నూనె మరకలను ఆపుతుంది కానీ ఆమ్లాన్ని పూర్తిగా ఆపలేదు. చింతపండు, పెరుగు ఒలికితే వెంటనే తుడవండి. నిమ్మకాయలు చెక్కపలక మీద కోయండి.