బిర్యానీ తిన్న కుక్కకు వాంతులు, విరేచనాలు... మన మాత్రలు వేయొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. మా పామరేనియన్‌కు నాలుగేళ్లు, బరువు 10 కిలోలు. రోజూ పెల్లెట్లే తింటుంది. మొన్న రాత్రి ఇంట్లో ఫంక్షన్‌కి వచ్చిన పిల్లలు ప్లేట్లలో మిగిలిన మటన్ బిర్యానీ, ఎముకలు, పెరుగు చట్నీ దానికి పెట్టేశారు. తెల్లారేసరికి నాలుగుసార్లు కక్కింది, విరేచనాలు పట్టుకున్నాయి. ఈరోజు వాంతులు ఆగాయి, నీళ్లు తాగుతోంది కానీ నీరసంగా ఉంది. మనం విరేచనాలకు వేసుకునే మాత్ర సగం వేయొచ్చా? ఏం పెట్టాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: మాత్ర వద్దమ్మా, సగం కూడా వద్దు. లోపల ఎముక ముక్క ఇరుక్కుని ఉంటే, పేగు కదలికను ఆపే మందు పరిస్థితిని ఇంకా చెడగొడుతుంది. నొప్పిగా ఉందేమోనని పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసేవాళ్లూ ఉన్నారు. కుక్కలకు ఇవి చాలా ప్రమాదం. ఇంకోసారి ఇలా జరిగితే కక్కించాలని ఉప్పునీళ్లు పట్టకండి, ఒంట్లో ఉప్పు పెరిగి ఫిట్స్ రావచ్చు.

వాంతులు ఆగి నీళ్లు తాగుతోందంటే మంచి సూచనే. గిన్నె నిండా కాకుండా, నీళ్లు కొంచెం కొంచెంగా పెట్టండి. మెత్తగా ఉడికించిన అన్నంలో తోలు, ఎముక లేని ఉడికించిన చికెన్ కలిపి, ఉప్పూ కారం లేకుండా రోజుకు నాలుగైదుసార్లు రెండేసి మూడేసి చెంచాలు ఇవ్వండి. చారు, పులుసు కలపొద్దు, వాటిలో వెల్లుల్లి ఉంటుంది. మలం గట్టిపడ్డాక మూడు నాలుగు రోజుల్లో మెల్లగా పెల్లెట్లకు మార్చండి.

అలవాటు లేని నూనె, మసాలా వల్ల వచ్చిన విరేచనాలు ఎక్కువసార్లు రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి. నాకు ఎక్కువ ఆందోళన ఉల్లిపాయ గురించే. బిర్యానీలో వేయించిన ఉల్లి, పెరుగు చట్నీలో పచ్చి ఉల్లి, రెండూ కడుపులోకి వెళ్లాయి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి. వండినా ఆ గుణం పోదు. ఒకేసారి శరీర బరువులో అర శాతానికి మించి ఉల్లి తింటే ప్రమాదం. మీ కుక్కకు ఆ లెక్క 50 గ్రాములు, అంటే ఒక చిన్న ఉల్లిపాయ. పైగా వేయించిన ఉల్లిలో నీరు ఇంకిపోతుంది కాబట్టి, చూడటానికి గుప్పెడే ఉన్నా అసలు ఉల్లి చాలా ఎక్కువ. చిక్కేమిటంటే ఈ దెబ్బ వెంటనే బయటపడదు. విరేచనాలు తగ్గి అంతా బాగుందనుకున్నాక, ఉల్లి తిన్న మూడు నుంచి ఐదు రోజులకు కుక్క డీలా పడుతుంది.

అందుకే వారం రోజులపాటు పొద్దున, సాయంత్రం పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. చిగుళ్లు పాలిపోయినా, పసుపు తిరిగినా, మూత్రం ఎర్రగా లేదా కాఫీ డికాక్షన్ రంగులో వచ్చినా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించండి. బిర్యానీలో ఎండుద్రాక్ష వేశారేమో వండినవాళ్లను అడగండి. వేసి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఈరోజే తీసుకెళ్లండి, అది కిడ్నీలను పాడుచేస్తుంది.

వాంతులు మళ్లీ మొదలైనా, మలంలో రక్తం పడినా, ముక్కుతున్నా మలం రాకపోయినా ఆగొద్దు. ఉడికిన ఎముక పెళుసుగా విరిగి పేగులో గుచ్చుకుంటుంది, ఎక్స్‌రే తీయాల్సి రావచ్చు. ముందుకాళ్లు నేలకు ఆనించి వెనక భాగం పైకెత్తి నిలబడుతుంటే కడుపునొప్పి ఉన్నట్టే. కొవ్వు ఎక్కువ తిన్న కుక్కల్లో క్లోమం వాచినప్పుడు ఇలా చేస్తాయి, దానికి సెలైన్ పెట్టి చూడాల్సి ఉంటుంది. రేపటికి కూడా నీరసం తగ్గకపోతే, ఇవేవీ లేకపోయినా ఒకసారి చూపించండి. వెళ్లేటప్పుడు అది ఏం తిన్నది, ఎంత తిన్నది, ఏ టైమ్‌కి తిన్నది కాగితం మీద రాసుకెళ్లండి.