గడప దాటని పిల్లికి ఫ్లీల మందు ఎందుకు?

ఈసారి సెలవులకు కడపకు వచ్చినప్పుడు, త్వరలో అమెరికాలోని హ్యూస్టన్ వెళ్ళబోతున్న మా పిన్నమ్మ కూతురు ఒక సందేహం అడిగింది. ఆమె భర్త అక్కడ ఇప్పటికే ఒక పిల్లిని పెంచుతున్నాడు. ఫ్లీలు, అంటే పిల్లి రక్తం తాగే చిన్న పురుగులు, పట్టకుండా పశువైద్యురాలు నెలనెలా వేయమని రాసిన మందు ధర విని, "గడప దాటని పిల్లికి పురుగులెట్లా పడతాయక్కా? ఇదంతా డబ్బు గుంజే వ్యవహారం కాదా?" అన్నది ఆమె ప్రశ్న. కొత్తగా వచ్చే మనవాళ్ళలో చాలామందికి ఇదే అనుమానం ఉంటుంది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

మన ఇళ్ళలో నేల కడప బండలది. రోజూ ఊడ్చి, తడిగుడ్డతో తుడిచే ఆ నున్నని రాతిమీద, అందులోనూ మన పొడి ఎండల్లో, ఫ్లీ గుడ్లకు గానీ వాటిలోనుంచి వచ్చే లార్వాలకు గానీ నిలువ నీడ దొరకదు. అక్కడి అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ఈ గోడనుంచి ఆ గోడదాకా కార్పెట్ పరచి ఉంటుంది. ఫ్లీ అంటే రెక్కలు లేకుండా దూకే, రెండు మూడు మిల్లీమీటర్ల గోధుమరంగు పురుగు. ఆడ పురుగు పిల్లి రక్తం తాగి రోజుకు 40 నుంచి 50 దాకా గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్లు వెంట్రుకలకు అంటుకొని ఉండక, పిల్లి పడుకున్న చోటల్లా రాలిపోతాయి. లార్వాలు వెలుతురుకు దూరంగా కార్పెట్ అడుగుకు దిగి, అక్కడే గూడు కట్టుకుంటాయి. పిల్లిమీద మన కంటికి కనబడేవి మొత్తంలో సుమారు 5 శాతమేనని, మిగిలిన సంతానమంతా ఇంట్లోనే ఉంటుందని పశువైద్యులు చెబుతారు. అంటే పోరు పిల్లితో కాదు, నేలతో.

గూటిలోని పురుగు నెలల తరబడి కదలకుండా ఉండగలదు. అడుగుల అదురు, ఒంటి వెచ్చదనం, మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగలగానే బయటికి దూకుతుంది. మీకంటే ముందు ఆ ఇంట్లో ఉన్నవారు కుక్కను పెంచి ఉంటే, ఇల్లు ఎన్నాళ్ళు ఖాళీగా ఉన్నా, మీరు సామాను దించిన వారంలోనే మీ చీలమండలమీద ఎర్రటి దద్దుర్లు రావడానికి కారణం ఇదే. హ్యూస్టన్ వంటి తేమ గల ఊళ్ళలో ఏడాది పొడుగునా వీటి బెడద ఉంటుంది. చలి ప్రాంతాల్లోనూ హీటర్ వేసిన ఇంట్లో చలికాలానికి ఇవి చావవు.

అనుమానం తీర్చుకోవడానికి సన్నపళ్ళ దువ్వెనతో తోక మొదట, మెడ దగ్గర దువ్వి, రాలిన నల్లని పొడిని తడిపిన తెల్ల కాగితంమీద వేయండి. అది ఎర్రగా కరిగితే ఫ్లీల మలమే, అంటే జీర్ణమైన రక్తమే. కరగకపోతే మామూలు మట్టి. పిల్లి తోక కింద బియ్యపుగింజల వంటివి కనబడితే, నాకేటప్పుడు ఫ్లీని మింగినందువల్ల పట్టిన బద్దెపురుగు అది; దానికి వేరే మందు కావాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇక చెబుతాను. కుక్కలకని రాసి ఉన్న మందును పిల్లికి ఒక్క చుక్క కూడా వేయరాదు. అందులో తరచుగా ఉండే పెర్మెత్రిన్‌ను విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. కొన్ని గంటల్లోనే వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. మన పల్లెల్లో ఎనుములకు, గొర్రెలకు పిడుదులు పోవడానికి బ్యూటాక్స్ అనే మందును నీళ్ళలో కలిపి పూయడం చూసిన పెద్దలు, పిల్లికీ అదే పనికొస్తుందని చెప్పవచ్చు. అందులోని డెల్టామెత్రిన్ కూడా పెర్మెత్రిన్ జాతి మందే. కర్పూరం, నాఫ్తలీన్ ఉండలు, టీ ట్రీ నూనె, వెల్లుల్లి ముద్ద, ఇవన్నీ పిల్లికి విషమే. ఇంటివైద్యంమీద మనకున్న నమ్మకాన్ని ఈ ఒక్క విషయంలో పక్కన పెట్టడం మంచిది.

పిల్లులకని రాసి ఉన్న మందుల్లో కూడా తేడాలున్నాయి. ఇమిడాక్లోప్రిడ్ ఫ్లీలను చంపుతుంది గానీ పిడుదులను చంపదు. ఫ్లురలానర్ రెంటికీ పనిచేస్తుంది, ఒకసారి వేస్తే ఫ్లీలకు 12 వారాలు వస్తుంది. మీ పిల్లి బరువు, వయసు చెప్పి డాక్టరు చేతనే రాయించుకొని, నాలుక అందని చోట, తల వెనుక మెడమీద వెంట్రుకలు విడదీసి చర్మానికే తగిలేలా వేయండి. గూళ్ళలో దాగినవన్నీ బయటపడి చచ్చేదాకా, కనీసం మూడు నెలలు, మానకుండా కొనసాగించాలి. ఈలోగా సోఫా కింద, మంచం కింద వ్యాక్యూమ్ చేసి ఆ చెత్తను వెంటనే బయట పారేయండి. పిల్లి పడుకునే గుడ్డలను వేడినీళ్ళలో ఉతకండి.

ఇంట్లోనే ఉండే పిల్లికి పిడుదులు అరుదు. అయినా తూర్పు టెక్సాస్, ఓక్లహోమా, ఆర్కన్సా, మిసోరి ప్రాంతాల్లో లోన్ స్టార్ అనే జాతి పిడుదు సైటాజూనోసిస్ అనే జబ్బును పిల్లులకు అంటిస్తుంది. వెంటనే వైద్యం అందకపోతే రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. పిడుదు కనబడితే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకొని, మెలిపెట్టకుండా నిటారుగా లాగండి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు.

ఇల్లు అద్దెదైతే, చేరేముందే కార్పెట్‌కు పురుగుల మందు కొట్టించమని యజమానిని రాతపూర్వకంగా అడగండి. మందు కొట్టేవారికి ఇంట్లో పిల్లి ఉంటుందని ముందే చెప్పి, అందులో పెర్మెత్రిన్ లేదని వారి చేత చెప్పించుకొని, నేల పూర్తిగా ఆరేదాకా దాన్ని ఆ ఇంట్లోకి రానివ్వకండి.