‘నాకు కష్టం’ అనడానికి ‘ఐ యామ్ డిఫికల్ట్’ అని ఎందుకు రాయకూడదు?

“నాకు ఇంగ్లీషు మాట్లాడటం కష్టం” అనడానికి “ఐ యామ్ డిఫికల్ట్ టు స్పీక్ ఇంగ్లీష్” అని రాశారు, తప్పన్నారు, కారణం చెప్పలేదు. ఇదీ మీ ప్రశ్న. ఇదే తప్పు నేనూ చేశాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక ఆఫీసులో బయటి దేశాల కొనుగోలుదారులకు మెయిల్స్ రాసే పని నాది. చేరిన కొత్తలో, లారీలు దొరకని ఒక వారం, “వి ఆర్ డిఫికల్ట్ టు లోడ్ దిస్ వీక్” అని రాశాను. పంపే ముందు మా సీనియర్ మేడమ్ చూసి, “మేం ఒక పట్టాన లొంగే మనుషులం కాదు అన్నట్టుంది అమ్మా” అన్నారు. ‘ఐ యామ్ డిఫికల్ట్’ అని అక్కడితో ఆపేస్తే నిజంగా ‘నాతో వేగడం కష్టం’ అనే అర్థం వస్తుంది.

కష్టం పనిది, మనిషిది కాదు. తెలుగులో ‘నాకు’ అనగానే ఆ ‘కు’ ఒక్కటే అంతా సర్దేస్తుంది. ఇంగ్లీషులో ఆ పని ‘ఫర్ మీ’ చేస్తుంది: “ఇట్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ మీ టు స్పీక్ ఇంగ్లీష్.” మొదట్లో ఉన్న ‘ఇట్’ అంటే ఏమిటని వెతక్కండి. మనకు కర్త లేకపోయినా వాక్యం నడుస్తుంది, వాళ్లకు ఆ చోటు ఖాళీగా ఉండకూడదు, అంతే. ‘ఐ’తోనే మొదలుపెట్టాలనుకుంటే “ఐ ఫైండ్ ఇట్ డిఫికల్ట్ టు స్పీక్ ఇంగ్లీష్” అనండి. నేను ఎక్కువగా వాడేది ఇదే. “ఐ హ్యావ్ ట్రబుల్ స్పీకింగ్ ఇంగ్లీష్” అని కూడా అనొచ్చు, కానీ అక్కడ ‘టు స్పీక్’ రాదు, ‘స్పీకింగ్’ అనే రావాలి.

ఇంకో రకం వాక్యం దగ్గర నాకు చాలా రోజులు పట్టింది. మిర్చి యార్డు నుంచి వచ్చిన చీటీలో 41 టిక్కీలా (మిర్చి బస్తాలను ఇక్కడ టిక్కీలంటారు), 47 టిక్కీలా తెలియలేదు. ఒకటి అంకె తలమీద చిన్న గీత ఉంది, అది ఏడులా కనబడుతోంది. “దిస్ స్లిప్ ఈజ్ హార్డ్ టు రీడ్ ఇట్” అని రాశాను. చివరి ‘ఇట్’ ఉండకూడదు. చదవాల్సింది ఆ చీటీనే కదా, అది వాక్యం మొదట్లోనే వచ్చేసింది. “దిస్ స్లిప్ ఈజ్ హార్డ్ టు రీడ్” అంటే చాలు.

ఈ వాక్యం ఇంగ్లీషు వాళ్ల పిల్లలకే ఒక పట్టాన అందదు. కరోల్ చామ్‌స్కీ అనే భాషా పరిశోధకురాలు 5 నుంచి 10 ఏళ్ల పిల్లల మీద చేసిన పరిశోధన 1969లో అచ్చయింది. కళ్లకు గంతలు కట్టిన బొమ్మను చూపించి, “ఈ బొమ్మ ఈజీ టు సీనా, హార్డ్ టు సీనా?” అని అడిగారు. బొమ్మ ఎదురుగానే ఉంది, ఇట్టే కనబడుతుంది. అయినా చిన్న పిల్లల్లో కొందరు ‘హార్డ్’ అన్నారు. చూసే పని బొమ్మదే అనుకున్నారు, గంతలు ఉన్నాయి కాబట్టి దానికి చూడటం కష్టమన్నారు. ఇది తెలిశాక నాకు ఎంతో ధైర్యం వచ్చింది. మీ వాక్యమూ ఇదే అచ్చులో ఉంది కాబట్టి మనిషి పేరు ముందు పెడితే అర్థం తిరగబడుతుంది. “ఐ యామ్ హార్డ్ టు రీచ్ ఇన్ ద మార్నింగ్స్” మాత్రం సరైనదే. ఎందుకంటే పొద్దున పూట నన్ను ఫోన్‌లో పట్టుకోవడం ఇతరులకు కష్టం.

‘హార్డ్‌లీ’ జోలికి మాత్రం తొందరపడి వెళ్లకండి. “ఐ వర్క్ హార్డ్” అంటే కష్టపడతాను, “ఐ హార్డ్‌లీ వర్క్” అంటే దాదాపు పనే చేయను. ఇంటర్వ్యూలో ఇది తారుమారైతే కొంప మునుగుతుంది.

చివరిగా ఒకటి. మన దగ్గర “ఈ వారం కష్టమండీ” అంటే కుదరదనే అర్థం, ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా చెప్పడం. నేను అదే మనసుతో, ఈసారి గ్రామర్ తప్పు లేకుండా, “ఇట్ విల్ బి డిఫికల్ట్ ఫర్ అస్ టు లోడ్ దిస్ వీక్” అని రాశాను. కొనుగోలుదారు దాన్ని ‘కష్టమే కానీ చేస్తారు’ అని అర్థం చేసుకుని వారమంతా సరుకు కోసం ఎదురుచూశారు. అప్పటి నుంచి కుదరనప్పుడు “వి విల్ నాట్ బి ఏబుల్ టు లోడ్ దిస్ వీక్” అనే రాస్తున్నాను, ఏ రోజు లోడ్ చేయగలమో కూడా ఆ పక్కనే రాస్తున్నాను.