పాత పెంకుటింట్లో కట్టెల పొయ్యి: గొట్టం మారిస్తే సరిపోదండి

మీరు రాసింది చదువుతుంటే మా ఇంటి సంగతే గుర్తొచ్చిందండి. డెబ్భై ఏళ్ళ పెంకుటిల్లు, వంటగదిలో ఇటుక పొగగొట్టం, పొయ్యి రాజేస్తే పక్కగది అటక మీదకి పొగ. పాత గొట్టంలోంచి స్టీలు గొట్టం దింపి ఇనప పొయ్యి పెడితే చాలా అని అడిగారు. చాలదు. అమలాపురం దగ్గర మా ఇంట్లో మూడేళ్ళ కిందట అచ్చం అదే చేసి, అమ్మ ప్రాణం మీదకి తెచ్చాం.

గ్యాసు ఉండగా ఇదెందుకని నేను అడగను. కొబ్బరితోట ఉన్న ఇంట్లో డొక్కలూ మట్టలూ ఏడాదంతా ఉంటాయి. స్నానాలకి నీళ్ళ కాగు, సంక్రాంతికి అరిసెలు దాని మీదే కావాలి. ఉంచుకోండి, కానీ జాగ్రత్తగా.

ముందు పాత గొట్టం చూడండి. పొయ్యి పూర్తిగా చల్లారాక కింద అద్దం పెట్టి, టార్చి వేసి పైకి చూడండి. మాకు నల్లగా నిగనిగలాడే పూత కనిపించింది. గోకితే గాజుపెంకులా పొరలుగా ఊడింది. పచ్చి డొక్కలు, తడిసిన కట్టెలు కాల్చినప్పుడు పొగ చల్లటి గోడకి తగిలి పేరుకునే తారు అది. అంటుకుందంటే గొట్టమంతా మండి, కప్పు దాకా పాకుతుంది. మా ఇటుకల మధ్య సున్నం కూడా వేలితో గీకితే రాలిపోయింది. మీ అటక మీదకి పొగ వస్తోందంటే ఎక్కడో బీట ఉన్నట్టే. ఆ బీటలోంచి పొగే కాదు, నిప్పురవ్వ కూడా రాగలదు. మేస్త్రీ చూసి సరే అనేదాకా పొయ్యి వెలిగించకండి.

ఇంకో సంగతి. 1996 నవంబరు తుఫానుకి మా గొట్టం పైభాగం కూలిపోతే, దాని మీద బూడిదరంగు సిమెంటు గొట్టం పెట్టించారు. ఆ కాలపు గొట్టం ఆస్బెస్టాసుది అయ్యుంటుంది. మీకూ అలాంటిది ఉంటే సుత్తితో కొట్టకండి, రంపం పెట్టకండి. ఆ దుమ్ము పీలిస్తే ఎన్నో ఏళ్ళ తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సరు వచ్చే ప్రమాదం ఉంది. అలవాటున్న వాళ్ళ చేత నీళ్ళతో తడిపి ముక్కలు కాకుండా దింపించి, మందపాటి ప్లాస్టిక్కులో రెండు చుట్లు చుట్టించండి. కాలవ గట్టున మాత్రం పడెయ్యకండి.

కొత్త గొట్టం మండపేట వైపు రైసుమిల్లుల బాయిలర్ల పని చేసే ఆయన చేత చేయించాం. 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి, తారులోని ఆమ్లాన్నీ మన సముద్రపుగాలినీ తట్టుకుంటుంది. జీఐ గొట్టం, అంటే జింకు పూత వేసిన ఇనప గొట్టం, చవకే, కానీ తుప్పు పడుతుంది, బాగా వేడెక్కితే దాని జింకు పూత పొగలు కక్కుతుంది. గొట్టం వెడల్పు పొయ్యిలోంచి పొగ బయటికొచ్చే మూతికన్నా తగ్గకూడదు. అతుకుల దగ్గర పై ముక్క కింది ముక్కలోపలికి దిగాలి. తిరగేసి అమర్చితే కారే తారు బయటికొస్తుంది, మాకు మొదటిసారి అలాగే అమర్చారు. గొట్టం ఇటుక బయట ఉన్నంత మేరా తాటి వాసాలకీ దూలాలకీ 18 అంగుళాలు ఎడం ఉండాలి. పెంకుల మీద కనీసం మూడు అడుగులు, చుట్టూ పది అడుగుల లోపున ఉన్న ఎత్తైన భాగానికన్నా రెండు అడుగులు పైకి లేపండి. తలమీద వానా ఉడతలూ దూరని టోపీ పెట్టండి.

ఇదంతా చేశాం. తప్పు చేసింది ఎక్కడంటే, అదే వేసవిలో వంటగదికి సీలింగు వేయించి, అల్యూమినియం కిటికీలు బిగించి, ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించాం. పెంకుల సందుల్లోంచి ఇల్లు తనంతట తాను గాలి పీల్చేది, అది ఆగిపోయింది. కార్తీకంలో ఒక రాత్రి వంట అయ్యాక, నిప్పుల వేడి పోకూడదని గొట్టంలో పొగదారిని తగ్గించడానికి ఉండే తిప్పుడు బిళ్ళని పూర్తిగా మూసేశాను. ఫ్యాను ఇంట్లో గాలిని బయటికి లాగుతూ తిరుగుతూనే ఉంది, దాంతో గొట్టంలోంచి పైకి పోవాల్సింది వెనక్కి ఇంట్లోకే వచ్చింది. పొగ లేదు, వాసన లేదు. పక్కగదిలో పడుకున్న అమ్మ తెల్లారగట్ల లేవలేకపోయింది, తలనొప్పి, వాంతులు. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టాక డాక్టరు గారు అడిగిన మొదటి మాట, ఇంట్లో నిప్పులేమైనా ఉన్నాయా అని.

అమ్మని పడగొట్టింది నిప్పుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు, దానికి రంగూ వాసనా ఉండవండి. మంటకన్నా ఆరీ ఆరని నిప్పుల దగ్గర అది ఎక్కువ పుడుతుంది. ఆ మర్నాడే బిళ్ళలో నాలుగోవంతు కోయించేశాను, ఇక ఎవరు మూసినా పూర్తిగా మూసుకోదు. పొయ్యి దగ్గర గోడకి కింద నాలుగంగుళాల గొట్టం పెట్టించి బయటిగాలి వచ్చేలా చేశాం. నిప్పున్నంతసేపూ ఫ్యాను వెయ్యం. అమ్మ గదిలో కార్బన్ మోనాక్సైడు అలారం ఉంది, ప్రతి ఒకటో తారీకున నేనే మీట నొక్కి చూస్తాను.

మీ వంటగదికి కిటికీలెన్ని, సీలింగు వేశారా, ఫ్యాను ఉందా, వాసం గొట్టానికి ఎంత ఎడంలో ఉందో కొలిచి రాయండి. అప్పుడు ఎక్కడ గాలి తెరవాలో చెప్పగలను.