సంఖ్యకు స్వభావం ఉందా? జెన్ చింతనపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నేను డిగ్రీ కళాశాలలో గణితం బోధిస్తాను. సత్యం అక్షరాలకు అందదని బౌద్ధంలోని ధ్యాన సంప్రదాయమైన జెన్ గురువులు అంటారు. గణితం కూడా ఒక భాషే, పైగా భాషలన్నిటిలోకీ కచ్చితమైనది. మరి వారి దృష్టిలో నేను తరగతిలో చెప్పేదంతా అసత్యమేనా?
– ఒక అధ్యాపకురాలు, వరంగల్

జవాబు: కాదండి. గ్రంథాలకు వెలుపల సాగేది, అక్షరాల మీద ఆధారపడనిది తమ బోధ అన్న మాట జెన్ ఆదిగురువుగా భావించే బోధిధర్ముని పేరుతో ప్రసిద్ధమైంది. అయితే ఆ మాటను తలకెత్తుకున్న సంప్రదాయమే చైనా, జపాన్ దేశాల్లో అపారమైన గ్రంథరాశిని మిగిల్చింది. చైనా గురువు వూమెన్ 1228లో కూర్చిన 48 కోఆన్‌ల (ధ్యానానికి ఇచ్చే చిక్కుప్రశ్నలు, సంవాదాలు) సంకలనాన్ని సాధకులు నేటికీ అధ్యయనం చేస్తున్నారు. కాబట్టి జెన్ ఆక్షేపణ మాట మీద కాదు, మాట సూచించే వస్తువుకు దానంతట అదిగా ఒక స్థిరమైన ఉనికి ఉందని మనం పెంచుకునే నమ్మకం మీద.

మీ ప్రశ్నకు నాకు తోచినంతలో అన్నిటికంటె సూటిగా సమాధానమిచ్చినవాడు 13వ శతాబ్దపు జపాన్ గురువు డోగెన్. ఆయన కంటె చాలా ముందు, 9వ శతాబ్దపు చైనాలో, షియాంగ్యన్ అనే పండితుణ్ణి అతని గురువు, తల్లిదండ్రులు పుట్టకముందటి నీ స్థితి గురించి ఒక్క మాట చెప్పమని అడిగాడు. ఆ పండితుడు తన పుస్తకాలన్నీ వెతికి, జవాబు దొరకక, బొమ్మలో గీసిన అప్పం ఆకలి తీర్చదని నిట్టూర్చి వాటిని తగలబెట్టాడని కథ. తరువాతి తరాలు ఈ కథను చదువు మీద తిరస్కారంగానే అర్థం చేసుకుంటూ వచ్చాయి. డోగెన్ 1242లో ఆ అర్థాన్ని తలకిందులు చేశాడు. అప్పాన్ని గీసిన రంగులూ కొండలను, నదులను గీసిన రంగులూ వేరు కావని, గీసిన అప్పం తప్ప ఆకలికి వేరే మందు లేదని ఆయన వాదన. ప్రపంచం ఒకవైపు, దాని చిత్రం మరొకవైపు విడివిడిగా లేవు, చిత్రించడం కూడా ప్రపంచం జరిగే తీరే అన్నది ఇందులోని ఆంతర్యం. ఈ లెక్కన మీరు నల్లబల్ల మీద రాసే సమీకరణం సత్యానికి అడ్డుతెర కాదు, సత్యానికి బయట ఉన్నదీ కాదు.

దీనికి వేరు బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునునిలో ఉంది. జెన్ తన భారతీయ గురుపరంపరలో ఆయనను 14వ వాడిగా లెక్కిస్తుంది, సంప్రదాయం ఆయనతో ముడిపెట్టే నాగార్జునకొండ మన కృష్ణాతీరంలోనిదే. ‘వ్యవహారమనాశ్రిత్య పరమార్థో న దేశ్యతే’ అని మూలమధ్యమకకారికలో ఆయన స్పష్టంగా అన్నాడు. వ్యవహార సత్యాన్ని, అంటే లోకవ్యవహారంలో చెల్లే సత్యాన్ని, ఆశ్రయించకుండా పరమార్థాన్ని, అంటే అంతిమ సత్యాన్ని, బోధించడం సాధ్యం కాదు. రెండూ రెండూ నాలుగన్నది వ్యవహార సత్యం, దానిని ఎవరూ కాదనరు. నాగార్జునుడు కాదనేది ఆ నాలుగుకు ఇతరాలతో సంబంధం లేని స్వభావం ఒకటి ఉందన్న ఊహను.

ఇక్కడ మీ రంగంలోనే ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. సహజ సంఖ్యలను సమితులుగా నిర్వచించడానికి గణితవేత్తలు జెర్మెలో ఒక పద్ధతి, వాన్ న్యూమన్ మరొక పద్ధతి చూపారు. రెండూ శూన్య సమితితోనే మొదలవుతాయి. మొదటి పద్ధతిలో ప్రతి సంఖ్యా తన ముందటి సంఖ్య ఒక్కదానినే సభ్యంగా గల సమితి, రెండవ దానిలో తనకు ముందున్న సంఖ్యలన్నిటి సమితి. అందువల్ల 1 అనేది 3లో సభ్యమా అని అడిగితే ఒకరు కాదంటారు, మరొకరు అవునంటారు, అయినా కూడికలూ గుణకారాలూ ఇద్దరికీ ఒక్కటే. మరి వీటిలో అసలైన 3 ఏది? ఏదీ కాదని, వరుసలో దాని స్థానమే సంఖ్యకు సర్వస్వమని తత్త్వవేత్త పాల్ బెనాసెరాఫ్ 1965లో వాదించాడు. ఆ వాదం, దేనికీ దానంతట అదిగా స్వభావం లేదనే నాగార్జునుని నిఃస్వభావ సిద్ధాంతానికి ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. దగ్గరగా వచ్చిందనే అంటున్నాను, రుజువు చేసిందని అనడం లేదు. బెనాసెరాఫ్ ప్రశ్న సంఖ్యలకు పరిమితం, నాగార్జునుని ప్రశ్న అడిగేవాడిని కూడా వదలదు.

ప్రశ్న: గేడెల్ సిద్ధాంతం జెన్ మాటను గణితపరంగా నిరూపించిందని చదివాను. నిజమేనా?
– ఒక విద్యార్థి, విజయనగరం

జవాబు: నిజం కాదు. తర్కశాస్త్రవేత్త గేడెల్ 1931లో నిరూపించింది ఇది: అంకగణితాన్ని తగినంతగా ఇముడ్చుకుని, వైరుధ్యం లేకుండా, స్వీకృతాలేవో (రుజువు లేకుండా ఒప్పుకునే మూలవాక్యాలేవో) యాంత్రికంగా గుర్తించగలిగేలా నిర్మించిన ఏ వ్యవస్థలోనైనా, ఆ వ్యవస్థలోనే నిరూపించడానికీ ఖండించడానికీ వీలులేని వాక్యం ఒకటి ఉంటుంది. ఈ ఫలితం ఫలానా వ్యవస్థల హద్దుల గురించినదే తప్ప తర్కానికి అతీతమైన అనుభవం గురించినది కాదు. పైగా దానిని సాధించింది కఠినమైన తర్కమే. గణిత వస్తువులు మన మనస్సుతో నిమిత్తం లేకుండా ఉన్నాయని గేడెల్ స్వయంగా నమ్మేవాడు, అంటే నాగార్జునుని మార్గాన్ని అనుసరించే మాధ్యమికులు ఒప్పుకోని పక్షానే ఆయన నిలబడ్డాడు. జెన్ మీద గౌరవం ఉన్నవారు ఈ పోలికను వదిలేయడమే మంచిది.

ప్రశ్న: గణితాన్నీ జెన్‌నూ కలిపి ఆలోచించిన వారెవరైనా ఉన్నారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: జపాన్ తత్త్వవేత్త నిషిదా కితారో (1870–1945) ఉన్నాడు. కనజావాలో చదువుతున్నప్పుడు గణిత ఉపాధ్యాయుడు గణితమే తీసుకోమన్నా ఆయన తత్త్వశాస్త్రాన్ని ఎంచుకున్నాడు, కానీ గణితాన్ని వదలలేదు. కొన్నేళ్లు జెన్ సాధన చేసిన తరువాత, 1917లో వెలువరించిన గ్రంథంలో ఆత్మచైతన్యాన్ని వివరించడానికి అమెరికన్ తత్త్వవేత్త రాయిస్ చెప్పిన ఉదాహరణను తీసుకున్నాడు. ఇంగ్లండు నేల మీదనే ఆ దేశపు సంపూర్ణ పటం గీయాలంటే, గీస్తున్న పటమూ ఆ నేలలో భాగమే కనుక, పటంలో పటం, అందులో మరో పటం, అలా అంతం లేకుండా సాగాలి. తనను తాను తెలుసుకునే మనస్సు కూడా ఇటువంటిదేనని నిషిదా వివరణ. తనలోని ఒక భాగంతో ఒకటికి ఒకటిగా జతపడగల సమితే అనంత సమితి అని 1888లో గణితవేత్త డెడెకిండ్ ఇచ్చిన నిర్వచనం దీనికి ఆధారం. నిషిదా శైలి కఠినం కాబట్టి, ముందుగా ఆ నిర్వచనాన్ని బాగా అర్థం చేసుకుని, ఆ తరువాత ఆయన రచనలు మొదలుపెట్టమని నా సలహా.